ఫోటోలు కడిగిన రోజులు

టోక్యోలో మొదట్లో నేను తీసిన ఫోటోల్లో మొహాలు దాదాపు లేవు. అన్నీ వీపులే. స్టేషన్ మెట్లెక్కుతున్న నల్ల కోట్లు, సైకిల్ వెనక సీట్లో పిల్లాణ్ణి కట్టేసుకుని పోతున్న తల్లులు, గొడుగులు, గొడుగుల కింద మళ్ళీ వీపులు. ఈమధ్య ఆ నెగెటివ్‌లన్నీ బయటికి తీసి స్కాన్ చేయిస్తుంటే మా అమ్మాయి పక్కన కూర్చుని కాసేపు చూసి, "ఎవరూ నీవైపు చూడట్లేదేంటమ్మా" అంది. దానికి ఏదో ఒకటి చెప్పి పంపించేశాను గానీ, అసలు జవాబు కాస్త పెద్దది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను వెళ్ళింది 2009లో. పెళ్ళయి ఇంకా ఏడాది కూడా కాలేదు. మా ఆయన అప్పటికే అక్కడ ఏదో బ్యాంకు ప్రాజెక్టులో ఉన్నారు. ఇల్లు నిషి కసాయ్‌లో. టోక్యోలో ఉన్న తెలుగువాళ్ళకి ఈ పేరు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. టోక్యోకి తూర్పు కొసన ఎదొగావా వార్డులో ఉంటుంది, 2000 నాటి వైటూకే (కంప్యూటర్లలో తేదీల సమస్య) హడావిడిలో మన ఇంజినీర్లు వచ్చి చేరిన పేట. తోజాయ్ లైన్ రైలెక్కితే బ్యాంకులూ పెద్దాఫీసులూ ఉండే కాయబాచో, నిహొంబాషి, ఓతెమాచి నేరుగా వచ్చేస్తాయి. ఇంకో అసలు కారణం ఇళ్ళు. ప్రైవేటు ఇల్లు కావాలంటే హామీ ఉండే జపాన్ మనిషిని వెతుక్కోవాలి, ఇంటాయనకి కానుక పేరుతో తిరిగిరాని డబ్బు ముందే చేతిలో పెట్టాలి, ఇవన్నీ చేసినా విదేశీయులనగానే ఇవ్వం అనేవాళ్ళు బోలెడుమంది. యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ అపార్ట్‌మెంట్లలో ఆ గొడవ లేదు, హామీ అక్కర్లేదు, కానుక అక్కర్లేదు, జీతం చూపిస్తే చాలు. దాంతో మనవాళ్ళంతా ఆ బ్లాకుల్లోనే. లిఫ్టులో ఇంగువ పోపు వాసన వస్తే ఆ రోజు ఎవరింట్లో సాంబారో చెప్పేయొచ్చు.

మరి ఇంతమంది మనవాళ్ళుంటే ఒంటరితనం ఏంటి అంటారేమో. ఉగాదికీ దీపావళికీ హాలు నిండా జనం, శని ఆదివారాలు ఎవరో ఒకరింట్లో బిర్యానీ, అవన్నీ నిజమే. కానీ సోమవారం పొద్దున్నే ఏడున్నరకి వెళ్ళిన మనిషి రాత్రి పదికి వస్తే, ఆ మధ్యలో ఉండేదంతా జపానే. నాకు భాష రాదు. బోర్డులు చదవలేను. చెత్త ఏ రోజు ఏది పెట్టాలో చెప్పే కాగితం ఫ్రిజ్ మీద అంటించుకుని, దాని మీది బొమ్మల్ని బట్టి అరటితొక్క ఎందులోకి వస్తుందో ఆలోచిస్తూ గడిపిన పొద్దులు ఉన్నాయి.

కెమెరా ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు తెనాలి చెప్పాలి. మా మావయ్య దగ్గర యాషికా కెమెరా ఉండేది. 36 ఫోటోల రీలుని చీకట్లో కొంగు కప్పించుకుని జాగ్రత్తగా ఎక్కించి 38 తీసేవాడు, అదో ఘనకార్యంలాగా అందరికీ చెప్పేవాడు. తీసిన రీలు కడిగించడానికి మెయిన్ రోడ్డులో నీలం బోర్డు కోనికా కలర్ ల్యాబ్‌కి వెళ్ళేవాళ్ళం. ఆ రోజుల్లో మన జిల్లాల్లో కోనికా బోర్డు లేని సెంటర్ ఉండేది కాదు. యాషికా, కోనికా, రెండూ జపాన్‌వేనని మావయ్య చెప్పేవాడు కాబట్టి, చిన్నప్పుడు నా దృష్టిలో జపాన్ అంటే ఫోటోలు తయారయ్యే దేశం. తీరా నేను అక్కడికి వెళ్ళేసరికి కోనికా లేనే లేదు! మినోల్టాతో కలిసిపోయి, 2006లో కెమెరాలూ ఫిల్మూ మొత్తం వ్యాపారమే వదిలేసుకున్నారు. షాపుల్లో అన్నీ ఫ్యూజీ ఆకుపచ్చ డబ్బాలు. మావయ్యకి ఫోన్లో చెబితే నమ్మలేదు. "సరిగ్గా వెతికావా అసలు?" అన్నాడు.

మొదటి వేసవి అయ్యాక నకానోలో ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొట్టులో నికాన్ ఎఫ్ఎం2 కొన్నాం. ఆ కొట్ల గురించే ఒక పూట రాయొచ్చు. అద్దాల బీరువాల్లో వరసగా కెమెరాలు, ప్రతిదానికీ ఒక చిన్న చీటీ, ఆ చీటీ మీద దాని లోపాలన్నీ అమ్మేవాడే రాసి పెడతాడు. అడుగున గీత ఉంది, వ్యూఫైండర్‌లో దుమ్ము రేణువు ఉంది, లెన్సు రింగు కాస్త బిగువుగా ఉంది. మా ఆయన చదివి చెబుతుంటే నాకు ఆశ్చర్యం. మన దగ్గర సెకండ్‌హ్యాండ్ స్కూటర్ అమ్మేవాడెవడైనా ఇలా చీటీ కడతాడా! ఆ షాపాయన చేతులకి తెల్ల గ్లవుజులేసుకుని, కెమెరా వెనక తలుపు తెరిచి, షట్టర్‌ని 4000వ వంతు సెకనుకి పెట్టి నొక్కి, వెలుతురు వైపు తిప్పి చూపించాడు. 1982లో ఆ మోడల్ వచ్చినప్పుడు అంత వేగం గొప్పట. నాకు నచ్చింది వేరే సంగతి. దానికి బ్యాటరీ కావాల్సింది వెలుతురు కొలిచే మీటరుకి మాత్రమే. బ్యాటరీ అయిపోయినా కెమెరా పనిచేస్తుంది. "డిజిటల్ కొనుక్కోవచ్చుగా, రీళ్ళ ఖర్చు తగ్గుతుంది" అని మా ఆయన అన్నారు. అన్నది నిజమే కానీ నాకు ఆ ఖర్చు వల్లే లాభం. రీలు కొనడానికి వెళ్ళాలి, తీశాక ఇవ్వడానికి వెళ్ళాలి, తెచ్చుకోవడానికి వెళ్ళాలి. ల్యాబులో అమ్మాయితో మ్యాటా గ్లాసీనా, ఏ సైజు, ఎన్ని గంటలకి రావాలి అనే మూడు ముక్కలు మాట్లాడాలి. చాలా వారాలు, ఇంటి బయట నేను నోరు విప్పి మాట్లాడిన జపానీ అంతే.

ఇక వీపుల సంగతి. తెనాలిలో నేను రోడ్డు మీద కెమెరా ఎత్తి ఉంటే సాయంత్రానికల్లా మా నాన్నకి కబురు చేరేది. ఫలానావారి అమ్మాయి బస్టాండు దగ్గర నిలబడి మగాళ్ళని ఫోటోలు తీస్తోందట అని. నిషి కసాయ్‌లో నేను ఎవరి అమ్మాయినీ కాదు, ఎవరి కోడల్నీ కాదు. ఏం చేసినా, పాపం విదేశీ మనిషి, ఏదో తీసుకుంటోంది అని ఊరుకుంటారు. రైల్లో నా పక్క సీటు ఖాళీగా ఉండేది. తోజాయ్ లైనంటే అప్పట్లో పొద్దున పూట పట్టేవాళ్ళకి దాదాపు రెట్టింపు జనంతో నడిచే రైలు, అందులో కూడా కాస్త రద్దీ తగ్గాక చూస్తే, నిలబడేవాళ్ళు నిలబడే ఉండి నా పక్కన మాత్రం చోటు మిగిలేది. మొదట్లో మనసుకి గుచ్చుకుంది. తర్వాత ఆ ఖాళీలో కెమెరా సంచీ పెట్టుకోవడం అలవాటైంది. పరాయితనం బాధే, కాదనను, కానీ అది ఒక రకం లైసెన్సు కూడా అని ఎవరూ చెప్పరు. జీవితంలో మొదటిసారి నేను వీధిలో ఎంతసేపైనా నిలబడి, ఎటు కావాలంటే అటు చూడగలిగాను.

అయితే మొహాల మీదికి మాత్రం కెమెరా వెళ్ళేది కాదు. అక్కడ జనానికి ఈ విషయంలో పట్టింపు ఎక్కువ. మనిషికి తన రూపం మీద హక్కుందని ప్రత్యేకంగా చట్టం లేకపోయినా, తన ఒప్పుదల లేకుండా ఎవరూ ఫోటో తీయకుండా ఉండే స్వేచ్ఛ ఉందని వాళ్ళ సుప్రీంకోర్టు 1969లోనే చెప్పింది. జపాన్‌లో అమ్మే సెల్‌ఫోన్లకి కెమెరా చప్పుడు ఆపే వీలుండదు, దొంగచాటుగా తీయకుండా. ఇవన్నీ తర్వాత తెలిసినవి. అప్పటికి నా కారణం వేరు, నాకు ఆ మొహాలు అర్థమయ్యేవి కావు. మనూళ్ళో అయితే దూరం నుంచి చూసి చెప్పేస్తాం, ఈవిడ అత్తగారితో గొడవపడి వచ్చింది, ఈయనకి ఇవాళ డబ్బు అందింది అని. అక్కడ కౌంటర్ వెనక నవ్వుతున్న మనిషి నా మీద విసుక్కుంటోందో, నిజంగానే నవ్వుతోందో తెలిసేది కాదు. వీపుతో ఆ బాధ లేదు. ఎక్కడి వీపైనా అలిసిపోతే ఒకేలా వంగుతుంది.

ఎంత అర్థం కాకపోతే అన్ని ఫోటోలు తీశాను. ఇప్పుడు కాంటాక్ట్ షీట్లు, అంటే రీలంతా చిన్నచిన్న బొమ్మలుగా ఒకే కాగితం మీద వేసినవి, చూస్తుంటే అదే తెలుస్తోంది. కాకుల కోసం చెత్త సంచుల మీద కప్పిన నీలం వల. పక్క స్టేషన్ కసాయ్‌లో సైకిల్ని భూమిలోకి లాగేసుకుని, కార్డు చూపిస్తే తిరిగి పైకి తెచ్చిచ్చే యంత్రం, దాని ముందు నిలబడిన ఒక ముసలావిడ వీపు. దాని మీద ఒక రీలు రీలంతా ఖర్చుపెట్టాను. ప్లాస్టిక్ కూరల నమూనాలు పెట్టిన హోటల్ అద్దం. బాల్కనీల్లో ఎండేసిన పరుపులు, వాటిని ఒక బద్దతో కొడుతున్న చేతులు.

వీటిలో ఒక్కటీ ఇంటికి పంపలేదు. ఇంటికి పంపే ఫోటోలు వేరు. అవి మా ఆయన డిజిటల్ కెమెరాతో తీసి పికాసా అనే ఫోటోల సైట్లో పెట్టేవారు. సాకురా పూల చెట్టు కింద నేను, అసకుసా గుడి ఎర్ర లాంతరు కింద నేను, వెనక ఫుజి కొండ వచ్చేలా నేను. అమ్మ ఫోన్లో, "కొండ సరిగ్గా పడలేదే, ఇంకాస్త జరిగి తీయమనాల్సింది అబ్బాయిని" అనేది. ఒకసారి ఊరెళ్ళినప్పుడు నా ప్రింట్ల కవరు చూసింది. ఒక్కొక్కటీ తిరగేసి, "ఏమిటే ఇవి, చెత్తకుప్ప తీశావేంటి? పంపావు కాదు, మంచిపని చేశావు. మీ అత్తయ్యగారు చూస్తే మిమ్మల్ని ఏ బస్తీలో పెట్టారో అనుకునేవాళ్ళు" అంది. నిజానికి నేను అక్కడ ఎలా ఉన్నానో చెప్పేవి ఆ కవర్లోవే. ఫుజి ముందు నవ్వుతున్న మనిషికీ నాకూ పెద్దగా పరిచయం లేదు.

నన్ను ఫోటో తీసినవాళ్ళూ తక్కువేమీ లేరు. ఒక జనవరిలో పట్టుచీర కట్టుకుని అసకుసా వెళ్ళాను. గుడి మెట్ల మీద బామ్మలు కొంగు అంచు పట్టుకుని, అది జరీయేనా అన్నట్టు వేళ్ళతో రుద్ది చూసి, ఫోటో తీసుకోవచ్చా అని ఎంతో మర్యాదగా అడిగారు. అద్దె కిమోనోలు కట్టుకుని వచ్చిన టూరిస్టు అమ్మాయిలు కూడా వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఎవరింటి ఆల్బమ్‌లోనో టోక్యో ట్రిప్ అనే పేజీలో కాంచీపురం చీరలో నేనున్నాను. వాళ్ళకి నేను అక్కడి దృశ్యంలో భాగం. నాకు నవ్వొచ్చింది, కాస్త తిక్క కూడా పుట్టింది. నేను పైకి అడక్కుండా వెనక నుంచి తీస్తున్నదీ ఇదేగా అనిపించింది, కాకపోతే వాళ్ళు అడిగి తీశారు.

ఈ సందర్భంలో ఫెలీచే బెయాటో అనే ఫోటోగ్రాఫర్ గురించి చెప్పాలి. యోకోహామాలో పాత ఫోటోల ప్రదర్శన ఒకటి చూసినప్పుడు తెలిసిన మనిషి. 1863లో జపాన్ వచ్చి యోకోహామాలో స్టూడియో పెట్టి, సమురాయిలనీ గొడుగు పట్టుకున్న అమ్మాయిలనీ నిలబెట్టి తీసి, అక్కడి చిత్రకారుల చేత రంగులు అద్దించి విదేశీయులకి అమ్మేవాడు. 1866 అగ్నిప్రమాదంలో అతని స్టూడియో కాలిపోతే మళ్ళీ మొదటి నుంచీ తీసుకున్నాడట. ఇదే బెయాటో అంతకుముందు మన దేశం కూడా వచ్చాడు. 1857 తిరుగుబాటు తర్వాత లక్నోలో సికందర్ బాగ్ ముందు ఎముకలు పరిచి ఉన్న ఆ ఫోటో చరిత్ర పుస్తకాల్లో చూసే ఉంటారు, అది అతనిదే. ఫోటో బాగా రావాలని ఆ ఎముకల్ని అతనే అలా వేయించాడని అంటారు. బయటివాడి కన్ను అని మనం గొప్పగా చెప్పుకుంటాం గానీ, బయటివాడికి అమ్మాల్సిన చోటు కూడా బయటే ఉంటుంది, కొనేవాడు ఏం చూడాలనుకుంటాడో అదే తీస్తాడు. అమ్మ కోసం తీయించుకున్న ఫుజి ఫోటోలు ఏ కోవలోకి వస్తాయో మీరే చెప్పండి.

నా కెమెరాతో నాకు మొదటి స్నేహం కుదిరింది ఒక పిట్ట వల్ల. నిషి కసాయ్ నుంచి సైకిల్ మీద సముద్రం వైపు పోతే కసాయ్ రింకాయ్ పార్కు ఉంటుంది, 117 మీటర్ల ఎత్తు జెయింట్ వీలుతో. అందులో నీటిపక్షుల కోసం వదిలిన చెరువులు ఉన్నాయి. ఏ రోజు వెళ్ళినా అక్కడ రిటైరైన పెద్దాయనలు వరసగా మడత కుర్చీలు వేసుకుని, చేతిపంపు గొట్టాలంత లెన్సులు స్టాండ్ల మీద బిగించి, గంటలకి గంటలు మాటాపలుకూ లేకుండా కూర్చునేవాళ్ళు. దేనికోసమా అని నేనూ నిలబడి చూసేదాన్ని. ఒకరోజు చెరువు మీద నీలం గీత గీసినట్టు ఏదో పోయింది, అందరి కెమెరాలూ ఒక్కసారి టకటకా మోగాయి. లకుముకి పిట్ట! మా కాలవ గట్టున కరెంటు తీగల మీద రోజూ కూర్చునే లకుముకి పిట్ట కోసం ఇంతమంది ఇన్ని లక్షల లెన్సులతో! పక్కనున్న తాతగారికి మా ఊళ్ళో ఇవి బోలెడు అని చెప్పాలని ఎంత తపనపడ్డానో, నాకొచ్చిన జపానీ చాల్లేదు. ఆయన చూపు మాత్రం నా మెళ్ళో ఉన్న ఎఫ్ఎం2 మీద పడింది. మొహం వెలిగిపోయింది. చేతిలోకి తీసుకోవచ్చా అని సైగ చేసి, లీవరు ఒకసారి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని షట్టర్ నొక్కి విన్నారు.

ఆ తర్వాత మా మాటలన్నీ అంకెల్లోనే. ఆయన 500 అంటే నేను షట్టర్ 500కి తిప్పేదాన్ని, 8 అంటే లెన్సు ఎనిమిదికి. మబ్బు పడితే ఆకాశం వైపు చూసి 250 అనేవారు. అంకెలు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి నాకు దొరకలేదు. మందుల షాపులో ధర చెబితే అర్థం చేసుకోవడం నాకు ఆ చెరువు గట్టునే వచ్చింది. ఇంట్లో ఆయన్ని లకుముకి తాత అనేవాళ్ళం. ఒకరోజు పులిహోర పట్టుకెళ్ళి పెడితే, మొదటి ముద్దకి కళ్ళు చికిలించి, పచ్చిమిరపకాయ ఏదో తీసి పక్కన పెట్టి, మిగతాదంతా తిన్నారు. ఆయన మొహం నేను తీశాను. అడిగి తీశాను. అక్కడి నా నెగెటివ్‌లలో కెమెరా వైపు తిరిగి చూస్తున్న మొదటి మొహం అదే అనుకుంటాను.

నెగెటివ్ స్లీవ్‌ల మీద నేను తేదీలు రాయలేదు. ఇప్పుడు ఏది ఎప్పటిదో పోల్చుకుంటున్నది అప్పుడు కడుతున్న స్కైట్రీ అనే టవర్‌ని బట్టి. అరకావా నది గట్టు మీద నుంచి చూస్తే ఆ టవర్ కనిపించేది. మేం వెళ్ళేనాటికి పునాదుల్లోంచి అప్పుడప్పుడే లేస్తోంది. వీపులన్నిటి వెనకా అది కొద్దికొద్దిగా పెరుగుతూ ఉంటుంది. 2010 మార్చి ఆఖర్లో 333 మీటర్ల పాత టోక్యో టవర్‌ని దాటేసింది. దాదాపు చివరి ఎత్తుకి వచ్చిన టవరూ పైన క్రేన్లూ ఉన్న నెగెటివ్‌లు దొరికితే అవి 2011 మార్చి నాటివని తెలిసిపోతుంది.

మార్చి 11, శుక్రవారం మధ్యాహ్నం 2.46. భూకంపం గురించి అందరూ రాశారు కాబట్టి నేను ఎక్కువ రాయను. బీరువా తలుపులు వాటంతటవే తెరుచుకుని మూసుకుంటుంటే బల్ల కింద కూర్చున్నాను. మా ఆయన ఆఫీసు నుంచి నది మీది వంతెన దాటి నడుచుకుంటూ వచ్చారు. మా పక్కనే ఉన్న ఉరయాసులో సముద్రం పూడ్చి కట్టిన వీధుల్లో నేల బురదై పైకి పొంగింది. షాపుల్లో బియ్యం, బ్రెడ్డు, బ్యాటరీలు లేవు. ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం దెబ్బతినడంతో, మార్చి 23న మా వైపు నీళ్ళిచ్చే కనమాచి కేంద్రంలో రేడియోధార్మిక అయొడిన్ లీటరు, అంటే కిలో నీటికి 210 బెకెరెల్స్ ఉందనీ, పసిపిల్లల హద్దు 100 కాబట్టి వాళ్ళకి కుళాయి నీళ్ళు పట్టొద్దనీ ప్రకటించారు. మా బ్లాకులో మనవాళ్ళు చాలామంది ఆ వారంలోనే దొరికిన విమానమెక్కి వెళ్ళిపోయారు. అమ్మ రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి ఏడ్చేది. మా ఆయన ప్రాజెక్టు వదల్లేదు, నేను ఆయన్ని వదల్లేదు, గొప్ప కోసం చెప్పట్లేదు, టిక్కెట్లు కూడా అప్పుడు మండిపోతున్నాయి. లిఫ్టులో పోపు వాసన ఆగిపోయింది.

ఆ ఎండాకాలంలో, వార్డు తరఫున నడిచే జపానీ క్లాసులో టీచరమ్మ ఒక కాగితం తెచ్చింది. సునామీలో కొట్టుకుపోయిన ఇళ్ళ శిథిలాల్లోంచి సైనికులూ ఊళ్ళవాళ్ళూ ఏరి పెట్టిన ఫోటోలు, ఆల్బమ్‌లు ఉన్నాయి, వాటిని కడిగి సొంతవాళ్ళకి అందేలా చెయ్యాలి, చేతులు కావాలి, భాష రాకపోయినా పర్వాలేదు అని. సునామీ దెబ్బతిన్న మియాగి ప్రాంతంలో యమమోతో అనే ఒక్క ఊళ్ళోనే దాదాపు 7.5 లక్షల ఫోటోలు పోగయ్యాయట. నేను టోక్యోలోనే ఒక హాల్లో జరిగిన దానికి వెళ్ళాను. తర్వాత వీలైన శనివారాలన్నీ వెళ్ళాను.

పెట్టెలు తెరవగానే వాసన. సముద్రపు బురద, దాని వెనక పుల్లగా ఇంకేదో. ఫోటో కాగితం మీద బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. తడిస్తే బ్యాక్టీరియా దాన్ని తినేస్తుంది. ఆలస్యమైన కొద్దీ బొమ్మ కరిగిపోతుంది. ఆల్బమ్ పేజీలు ఒకదానికొకటి అట్టలా అతుక్కుపోయి ఉండేవి, బ్లేడుతో అంచు కోసి మెల్లగా విడదీయాలి. తర్వాత చన్నీళ్ళ ట్రేలో ముంచి, మధ్యలో ఏమాత్రం ముట్టుకోకుండా, అంచు నుంచి వేలి కొసతో బురద తోయాలి. వేడినీళ్ళు వాడకూడదు, జెలటిన్ జారిపోతుంది. రంగు కదులుతోందనిపిస్తే ఆ క్షణమే ఆపేయాలి. రంగు ఫోటోల్లో పోవడం కూడా ఒక వరసలో పోతుంది. పైపొర నీలం ముందు పోతుంది, అప్పుడు అంచంతా ఎర్రబడుతుంది, తర్వాత ఎరుపూ పోయి పసుపు మిగులుతుంది, ఆఖరికి తెల్లకాగితం. చాలా ఫోటోలు మంట అంటుకున్నట్టు అంచుల నుంచి ఎరుపూ పసుపుగా కాలుతూ వచ్చి, నడుమ మాత్రం ఒక మొహం మిగిలి ఉండేవి. పూర్తిగా తెల్లబడ్డవి కూడా పారేయొద్దన్నారు. రెండో ట్రేలో జాడించి, తాళ్ళకి బట్టల క్లిప్పులతో ఆరేసేవాళ్ళం.

తలెత్తితే హాలంతా మొహాలు. బడి గేటు ముందు కొత్త సంచీ బరువుకి వెనక్కి వాలిన పిల్లాడు. రంగుజెండాలు కట్టిన చేపల పడవ మీద నిలబడిన అన్నదమ్ముల్లాంటి ఇద్దరు. పెళ్ళికూతురు పక్కన బిగుసుకుపోయిన పెళ్ళికొడుకు, మా మావయ్య పెళ్ళిఫోటోలో మావయ్య ఎలా ఉన్నాడో అచ్చం అలాగే. దుప్పటి కప్పిన బల్ల కింద కాళ్ళు పెట్టుకుని నోరు తెరుచుకుని నిద్రపోతున్న నాన్న, అది ఏ తుంటరి పిల్ల తీసిందో. ఎవరెవరు ఉన్నారో, ఎవరెవరు పోయారో మాకు తెలియదు. ఆ దేశానికి వెళ్ళిన దగ్గర్నుంచీ నేను చూడకుండా తప్పించుకున్న మొహాలన్నీ అక్కడ నేరుగా నా వైపు చూస్తున్నాయి, నవ్వుతున్నాయి, ఆ నవ్వుల్లో అర్థం కానిదేమీ లేదు. ఇంట్లోవాళ్ళకి నవ్వే నవ్వు కదా. నా కెమెరా సంచీలోనే ఉండిపోయింది. లోపల ఫోటోలు తీయొద్దని నియమం ఉంది, నియమం లేకపోయినా తీసేదాన్ని కాదు.

దాని తర్వాత నా రీళ్ళు తగ్గిపోయాయి. అదో పెద్ద నిర్ణయమేమీ కాదు. భాష వచ్చింది, కూరగాయల కొట్టావిడ కూతురికి పెళ్ళి సంబంధాలు చూస్తున్నారని తెలిసింది, స్టేషన్ మెట్ల మీద వీపులు కొన్ని తెలిసినవాళ్ళవి అయిపోయాయి. తెలిసిన మనిషి వీపు ఏం తీస్తాం, పలకరిస్తాం. 2012లో విదేశీయులకిచ్చే పాత ఏలియన్ రిజిస్ట్రేషన్ కార్డుల పద్ధతి తీసేశారు, 634 మీటర్ల స్కైట్రీ జనానికి తెరుచుకుంది, ఆ ఏడాది మొత్తానికీ నాకు ఉన్న నెగెటివ్‌లు ఒక పలచని ఫైలు. ఫోటోగా చూస్తే నా మంచి ఫోటోలన్నీ నేను బాగా దిక్కుతోచక ఉన్నప్పటివి. కెమెరా మనుషుల్ని దగ్గర చేస్తుందని అంటారు, లకుముకి తాత విషయంలో చేసింది కూడా. కానీ ఎక్కువ రోజులు అది నాకు తెర. దాని వెనక నిలబడి చూసినంత కాలం చూశాను, అవసరం తీరాక సంచీలో పెట్టాను. ఆ ఒంటరితనం మళ్ళీ కావాలని లేదు, ఆ ఫోటోలు మళ్ళీ తీయలేకపోతున్నానని మాత్రం కుళ్ళు ఉంది.

2014లో విజయవాడ వచ్చేశాం. ఉత్సాహంగా తెనాలి బస్టాండులో కెమెరా ఎత్తాను. నిమిషంలో పదిమంది మూగి, "ఏ పేపరండీ?", "మేడమ్, మా రోడ్డు గుంత కూడా తీయండి", "మా బాబుని ఒకటి తియ్యమ్మా" అని వరసగా నిలబడ్డారు. వీపు ఒక్కటీ దొరకలేదు!

ఈమధ్య క్యోటో వార్తలు చూస్తుంటే ఇవన్నీ గుర్తొస్తున్నాయి. గియోన్ అనే పేటలో, ఆటపాటల కళాకారిణులైన గేషాల వెంటపడి ఫోటోలు తీస్తున్నారని 2019లో ప్రైవేటు సందుల్లో ఫోటోలు నిషేధించి 10,000 యెన్‌ల జరిమానా బోర్డులు పెట్టారు, 2024లో ఆ సందుల్లోకి టూరిస్టుల్నే రావొద్దన్నారు. ఆ విషయంలో నేను గియోన్ వాళ్ళ పక్షమే. పనికి పోతున్న మనిషికి దారి ఇవ్వాలి. అదే ఏడాది ఫుజికవాగుచికో అనే ఊళ్ళో, ఒక కన్వీనియన్స్ స్టోర్ మీదుగా ఫుజి కనిపించే చోట జనం రోడ్డుకి అడ్డం పడుతున్నారని రెండున్నర మీటర్ల ఎత్తు నల్ల పరదా కట్టారు. దానికి చిల్లులు పొడిచి మరీ తీశారట, ఆ వార్త చదివి మాత్రం పకపకా నవ్వాను. అమ్మ ఉంటే ఆ చిల్లు దగ్గర నన్నూ నిలబెట్టేది, కొండ సరిగ్గా పడేదాకా.

ఇంకో మాట, ఆ రోజుల్లో నిషి కసాయ్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే. ఫుజి ముందు ఫోటోల్లాంటివి తప్ప నేనున్న ఫోటోలు నా దగ్గర ఏమీ లేవు, పికాసాతో పాటు అవీ సగం పోయాయి. లకుముకి తాత ఒకటి తీసిచ్చారు, అందులో మొహానికి ఎఫ్ఎం2 అడ్డం. 2010, 2011 ఉగాదులకి హాల్లో వడ్డన దగ్గర ఆకుపచ్చ చీర, పొడవాటి జడ, మెళ్ళో కెమెరా ఉన్న మనిషి మీ ఫోటోల్లో ఏ మూలనైనా ఉంటే అది నేనే. వెనక నుంచి ఉన్నా పర్వాలేదు, పంపండి.